మా వదిన రాయని ముగింపు

నవలా రచయిత్రి నల్లపాటి సువార్త మరణించిన సంగతి ఆంధ్రదేశంలోని పాఠకులకు బహుశా ఈ వ్యాసం ద్వారానే మొదటిసారి తెలుస్తుంది. పత్రికలకు కబురు పంపాలన్న ఆలోచన ఆ ఇంట్లో ఎవరికీ రాలేదు. సిడ్నీ నగరానికి పడమట, బ్లాక్‌టౌన్‌లో, ఇంటికి దగ్గరలోనే ఉన్న ఒక వృద్ధాశ్రమంలో ఆమె నర్సుగా పనిచేసేది. మధ్యాహ్నం ఒక ముసలాయనకు మందులిస్తూ, ట్రే బల్ల మీద పెట్టి, తల పగిలిపోతోందని తోటి నర్సుతో చెప్పి కుర్చీలో కూర్చుందట. మెదడులో రక్తనాళం చిట్లిందన్నారు. అంబులెన్సు వచ్చేసరికి స్పృహ లేదు. మర్నాడు తెల్లవారేసరికి మనిషి లేదు.

నేను ఆమెకు ఆడపడుచును. రెండు వీధుల అవతలే ఉంటాను. అన్నయ్య ప్రభాకర్ ఆసుపత్రి నుంచి ఫోన్ చేసినప్పుడు నేను టీవీలో గల్ఫ్ యుద్ధం వార్తలు చూస్తూ కాఫీ తాగుతున్నాను. "లిడియా, మీ వదిన..." అని ఆగిపోయాడు. నాకు మొట్టమొదట తట్టిన ఆలోచన "ఇక ఆ నవల ఎన్నటికీ పూర్తి కాదు" అని. మనిషిని పోగొట్టుకున్న దుఃఖం ఆ వెనకాల వచ్చింది. ఈ వరస చూసి నన్ను నిర్దయురాలినని ఎవరైనా అనుకుంటే అనుకోనివ్వండి. ఆమె ఉండి ఉంటే అర్థం చేసుకునేది.

ఖననమైన వారానికి చర్చి హాలులో సంతాపసభ పెట్టారు. మన తెలుగువాళ్ళు చాలామంది వచ్చారు. అందరూ అంకుల్ అని పిలిచే ఒక పెద్ద డాక్టరు గారు గద్గద స్వరంతో ప్రసంగించారు. "సువార్త గారు రచననూ సంసారాన్నీ సమానంగా తూచిన మహా ఇల్లాలు. ఆవిడ రాసిన 'మార్త ఇల్లు' నవల చివర మార్త తిరిగొచ్చి భర్త పాదాల మీద వాలిపోయే ఘట్టం చదివి నేను కన్నీళ్ళు ఆపుకోలేకపోయాను. అదే ఆవిడ జీవిత సందేశం. మన ఆడపిల్లలందరికీ అదే ఆదర్శం" అన్నారు. హాలంతా చప్పట్లు. మొదటి వరసలో మా అన్నయ్య కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ ఘట్టం మా వదిన రాయలేదు. అందులో ఒక్క అక్షరమైనా ఆమెది కాదు. ఆ సభలో లేచి ఈ మాట చెబుదామంటే, శోకసమయంలో రభస ఎందుకమ్మా అని పక్కనున్నవాళ్ళు చెయ్యి పట్టి కూర్చోబెట్టారు. అందుకని ఇక్కడ చెబుతున్నాను. అన్నయ్య దీన్ని చదువుతాడని తెలిసే చెబుతున్నాను.

వదిన గుంటూరులో మా ఇంటికి కోడలిగా వచ్చేనాటికే కథలు రాసేది. నేను అప్పుడు ఇంటర్మీడియెట్ చదువుతున్నాను. వచ్చిన కొత్తల్లో ఒకరోజు పొయ్యి మీద అన్నం మాడి, వాసన వీధి గుమ్మం దాకా వచ్చింది. వదిన వంటింటి పీట మీద కూర్చుని, మోకాలి మీద కాగితాలు పెట్టుకుని, ఈ లోకంలో లేదు. మా అమ్మ పెరట్లోంచి వచ్చింది. కొత్త కోడలు బిగుసుకుపోయింది. అమ్మ గిన్నె దించి, "అన్నం మళ్ళీ వండుకోవచ్చు గానీ, కథ బాగా వచ్చిందా?" అని అడిగింది. అమ్మ పెద్దగా చదువుకున్నది కాదు. బైబిలు మాత్రం కూడబలుక్కుని చదివేది. అయినా ఆ రోజు నుంచి పొద్దున పది దాటాక వంటిల్లు తన చేతిలోకి తీసుకుంది. ఎవరైనా చుట్టాలు వచ్చి కోడలేదని అడిగితే, "పనిలో ఉంది" అనేది. "ఏం పని?" అంటే, "దాని పని" అనేది. వదిన మొదటి రెండు నవలలూ అలా పుట్టాయి. వాటి మీద రచయిత్రి పేరు కింద మా అమ్మ పేరు కూడా అచ్చువేయవలసింది.

అమ్మ పోయాక అన్నయ్య కుటుంబం ఆస్ట్రేలియా వచ్చింది. వాళ్ళ వెనకాల నేనూ వచ్చాను. గుంటూరులో కళాశాలలో తెలుగు పాఠాలు చెప్పిన నేను ఇక్కడ ఒక ప్రభుత్వ కార్యాలయంలో కంప్యూటర్ ముందు కూర్చున్నాను. పెళ్ళికి ముందు నర్సింగు చదివిన వదిన నగరంలో పెద్దాసుపత్రిలో నర్సుగా చేరింది. కూతురు షరోన్, కొడుకు జోయెల్, ఇల్లు, వంట, చర్చి, వారాంతపు విందులు. "పనిలో ఉంది" అని గుమ్మంలో నిలబడి చెప్పే మనిషి మాత్రం ఈ దేశంలో ఆమెకు దొరకలేదు.

అయినా ఆమె తనకంటూ ఒక వేళ సంపాదించుకుంది. బ్లాక్‌టౌన్ నుంచి నగరానికి రెండు రకాల రైళ్ళు ఉంటాయి. ఒకటి కొన్ని చోట్లే ఆగి పరుగెత్తుతుంది. ఇంకొకటి ప్రతి స్టేషన్‌లోనూ ఆగి నింపాదిగా వెళ్తుంది. జనం మొదటిదాని కోసం తోసుకునేవారు. వదిన రోజూ దాన్ని వదిలేసి రెండోది ఎక్కేది. నేనూ కొంతకాలం అదే దారిన ఉద్యోగానికి వెళ్ళాను. మొదటి రోజు తెలియక, "వదినా, ఫాస్ట్ ట్రెయిన్ వచ్చేసింది, పద పద" అని చెయ్యి లాగాను.

"పోనియ్యమ్మాయ్. అది తొందరగా సిటీకి తీసుకెళ్తుంది. నాకు సిటీ ఎందుకూ?" అంది.

పై అంతస్తులో కిటికీ పక్క సీటు. ఒడిలో హ్యాండ్‌బ్యాగ్, దాని మీద అట్ట, అట్ట మీద తెల్లకాగితాలు. వెళ్ళేటప్పుడు ఒక విడత, డ్యూటీ దిగి వచ్చేటప్పుడు ఒక విడత. 'మార్త ఇల్లు' అంతా ఆ కుదుపుల్లోనే రాసింది. అక్షరాలు వంకరపోయి ఆమెకే అర్థమయ్యేవి కావు. నేను వాటిని సాపు రాసి, స్వదేశంలో ఒక వారపత్రికకు ఎయిర్‌మెయిల్‌లో పంపేదాన్ని. నవలలో ఏది ఆమెదో ఏది కాదో ఇంత ధీమాగా చెప్పగలిగింది అందుకే.

ఆ రైల్లో నోరా అనే ఒక పెద్దావిడ ఆమెకు స్నేహితురాలైంది. ఊలు అల్లుకుంటూ, తన సంచీ అడ్డం పెట్టి వదినకు సీటు ఆపేది. "హౌ ఈజ్ ది బుక్, లవ్?" అని పలకరించేది. ఒక సాయంత్రం, "నాకు కొంచెం చదివి వినిపించు, మీ భాషలోనే" అని అడిగింది. నేను పక్కనే ఉన్నాను. వదిన సిగ్గుపడుతూ అర పేజీ చదివింది. చీరాలలో నేతపని చేసే మార్త, తన మగ్గం తానే నడుపుకుంటానని మొగుడితో మొదటిసారి అనే చోటు. నోరా అల్లిక ఆపి విన్నది. ఒక్క మాట తెలియకపోయినా, "షి ఈజ్ ఇన్ ట్రబుల్, దట్ గర్ల్" అంది. వదిన ఆ రాత్రి భోజనాల దగ్గర ఈ సంగతి ఎంతో సంబరంగా చెప్పింది. "నైస్, మమ్" అంది షరోన్. అన్నయ్య పెరుగు అడిగాడు.

మా అన్నయ్య చెడ్డవాడు కాదు. భార్య మీద చెయ్యెత్తలేదు, కసురుకోలేదు. గిన్నెలు కడిగేవాడు. తన భార్య రచయిత్రి అని పదిమందిలో గొప్పగా చెప్పుకునేవాడు. అటువంటి మంచితనం చేతిలో ఒక నవల ఎలా చచ్చిపోతుందో చెప్పడం కష్టం. దుర్మార్గుడైతే నాకు ఈ వ్యాసం సులువయ్యేది.

ఒక సాయంత్రం వదిన రైల్లో చాలా ముఖ్యమైన ఘట్టం రాస్తోంది. మార్త ఇంటికి తాళం వేసి వీధిలో అడుగుపెట్టే చోటు. బ్లాక్‌టౌన్ వచ్చింది, వెళ్ళిపోయింది. ఆమె తలెత్తేసరికి రైలు లైను చివరనున్న పెన్‌రిత్‌లో ఆగి ఉంది, పెట్టె ఖాళీ అవుతోంది. అప్పుడు జోయెల్ చిన్న క్లాసులో ఉన్నాడు. స్కూలు అయ్యాక పిల్లల్ని ఉంచుకునే చోటు నుంచి వాణ్ణి ఆమే తీసుకురావాలి. ఆ చోటు మూసే వేళ దాటిపోయింది. బయట వాన. టీచరు అన్నయ్య ఆఫీసుకు ఫోన్ చేస్తే, అతను పరుగున కారులో వెళ్ళి కొడుకును తెచ్చుకున్నాడు. అన్నయ్య నన్నూ పిలిపించాడు. వదిన తడిసి ముద్దయి ఇంట్లోకి వచ్చేసరికి జోయెల్ దుప్పటి కప్పుకుని టోస్టు తింటున్నాడు. ఆమె వాణ్ణి గుండెకు అదుముకుంది.

షరోన్ గుమ్మంలో నిలబడి, "యూ ఫర్గాట్ హిమ్, మమ్. ఫర్ ఎ స్టోరీ" అంది.

"పోనీలేమ్మా, జరిగిందేదో జరిగింది" అన్నాడు అన్నయ్య.

ఆమె తప్పు చేయలేదని నేననను. వానలో బిడ్డ ఎదురుచూశాడు. అది నిజం. ఆమె ఆ మాటను ఎన్నడూ తేలిక చేసుకోలేదు. కానీ ఆ ఒక్క సాయంత్రానికి ఆమె చెల్లించుకున్నది తక్కిన జీవితమంతా. చర్చిలో తెలిసినవాళ్ళ ద్వారా అన్నయ్య ఈ వృద్ధాశ్రమంలో ఉద్యోగం చూశాడు. నేను ఉండగానే భోజనాల బల్ల దగ్గర చెప్పాడు. "సువార్తా, ఇంటి నుంచి కార్లో అయిదు నిమిషాలు. ఇంక ట్రెయిన్ బాధ లేదు. డ్రైవింగ్ నేను నేర్పిస్తాను. పిల్లలు వచ్చేసరికి నువ్వు ఇంట్లో ఉంటావ్."

వదిన పళ్ళెంలోకి చూస్తూ, "మరి రాసుకోవడం ఎప్పుడండీ?" అంది.

"సండే ఉందిగా! సండే అంతా నీదే. ఎవ్వరూ డిస్టర్బ్ చెయ్యరు. ఐ ప్రామిస్."

మొదటి ఆదివారం చర్చి నుంచి వచ్చాక వదిన గదిలో కూర్చుంది. పాస్టరు గారి కుటుంబం భోజనానికి వచ్చింది. తర్వాతి ఆదివారం జోయెల్ క్రికెట్ మ్యాచ్. ఆ తర్వాత షరోన్ పరీక్షలు, ఎవరి బిడ్డకో పుట్టినరోజు, ఇండియా నుంచి ఎవరో దిగడం. అన్నీ ఉత్తమమైన కారణాలే. ఏ పని లేని ఆదివారం గది తలుపు ఎంతసేపు మూసి ఉంటుందో నేను కళ్ళారా చూశాను. "మమ్, మై బ్లూ షర్ట్?" "సువార్తా, ఒక్క నిమిషం, టీ పొడి ఎక్కడుంది?" "మమ్, జస్ట్ వన్ క్వశ్చన్." ప్రతి ఒక్కరూ అడిగింది ఒక్క నిమిషమే. తలుపు తీసిన ప్రతిసారీ మార్త వీధిలోనే నిలబడి ఉండేది.

ఒకసారి నేను కోపంతో, "అందరితోనూ పోట్లాడవేం వదినా?" అన్నాను. ఆమె చపాతీలు ఒత్తుతోంది. "వంట ఆగితే ఇంట్లో అందరికీ తెలుస్తుంది లిడియా. రాత ఆగితే నా ఒక్కదానికే తెలుస్తుంది. నా ఒక్కదాని కోసం ఇంతమందిని ఏడిపించమంటావా?" అంది. ఇంకోసారి, ఎవరో పత్రికలో రచయిత్రులు ఇంటినీ కలాన్నీ తూకం వేసుకోవాలని హితవు చెబితే, చదివి నవ్వింది. "తూకం తూకం అంటారు. తక్కెడ ఎవరి చేతిలో ఉందో ఒక్కళ్ళూ అడగరేం అమ్మాయ్?" అంది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ చెవిలో ముల్లులా ఉంది.

అక్కడ వారపత్రికలో సీరియల్ నడుస్తోంది. మేము పంపిన ప్రకరణాలు అయిపోవచ్చాయి. సంపాదకుడు తొందరపెడుతూ ఉత్తరాలు రాశాడు, టెలిగ్రాం ఇచ్చాడు. వదిన గడువు అడిగింది. తర్వాత అతను రాయడం మానేశాడు. మేము ఆ మౌనాన్ని అంగీకారం అనుకున్నాం.

ఒక శనివారం మధ్యాహ్నం అన్నయ్య ఇంట్లో బార్బీ, అంటే ఆరుబయట నిప్పుల మీద మాంసం కాల్చి పెట్టే విందు. పెరట్లో కుటుంబాలన్నీ చేరాయి. అన్నయ్య చికెన్ కాలుస్తున్నాడు. ఓడ టపాలో ఆలస్యంగా వచ్చే వారపత్రికల కట్ట ఆ ఉదయమే అందింది. నేను వంటింట్లో ఉల్లిపాయలు కోస్తున్నాను. వదిన గట్టు దగ్గర నిలబడి కట్ట విప్పి, పేజీలు తిప్పి, ఒకచోట ఆగింది. నిలబడే చదివింది.

"మార్త కాళ్ళ మీద పడిందమ్మాయ్" అంది.

నాకు అర్థం కాలేదు. పత్రిక లాక్కుని చూశాను. చివరి రెండు ప్రకరణాలు ఇంకెవరి చేతో రాయించి, కింద 'సమాప్తం' వేసి, వదిన పేరే పెట్టేశారు. వీధిలో నిలబడిన మార్తకు జ్ఞానోదయమవుతుంది. ఇల్లే స్వర్గమని తెలుసుకుని, పశ్చాత్తాపంతో భర్త పాదాలను కన్నీటితో కడుగుతుంది. ఆ మొగుడు ఆమెను లేవనెత్తి క్షమిస్తాడు.

"సువార్తా! మసాలా కలిపిన బేసిన్ ఇటు పంపు!" అని పెరట్లోంచి అన్నయ్య కేకేశాడు. జవాబు రాకపోయేసరికి తానే లోపలికి వచ్చాడు. ఇద్దరి మొహాలూ చూసి, "ఏమైంది?" అన్నాడు.

"ఏం లేదండీ. కథ అయిపోయింది" అంది వదిన.

"గుడ్! ఇంక నీకా టెన్షన్ లేదు కదా" అని భుజం తట్టి, బేసిన్ తీసుకుని వెళ్ళాడు. మనస్ఫూర్తిగా సంతోషపడే అన్నాడు. వదిన పత్రికను మడిచి ఫ్రిజ్ మీద పెట్టింది. చేతులు కడుక్కుని, పళ్ళేలు తీసుకుని అతిథుల దగ్గరికి వెళ్ళింది. ఆ మధ్యాహ్నం ఎవరికీ ఏ లోటూ జరగలేదు. అందరూ వంటలను మెచ్చుకున్నారు.

ఆమె సంపాదకుడికి నిరసన రాసింది. నేనూ రాశాను. ముగింపు పాఠకులకు ఎంతగానో నచ్చిందని, పుస్తకంగా కూడా వేస్తున్నామని, అభినందనలని జవాబు వచ్చింది. పుస్తకం వచ్చింది. డాక్టరు గారు కన్నీళ్ళు పెట్టుకున్నది ఆ పుస్తకానికే. ఆ తర్వాత వదిన సొంత ముగింపు రాద్దామని ఎన్నోసార్లు కూర్చుంది. మార్త ఎటు వెళ్తుందని నేను అడిగేదాన్ని. "రాస్తేగానీ తెలియదమ్మాయ్" అనేది. ఆమె సమయం ఇంట్లో అందరికీ దొరికేది, ఆమెకు మాత్రం దొరికేది కాదు. దొరికిందంతా వాళ్ళదే. మరణించిన వారంలో కూడా జోయెల్ హైస్కూలు యూనిఫాం అంచులు కుట్టింది.

అంత్యక్రియల నుంచి తిరిగొచ్చాక నేను ఆ వంటింట్లోనే టీ కాస్తున్నాను. అన్నయ్య వచ్చి కూలబడ్డాడు. "ఆ ట్రెయిన్ తనకంత ముఖ్యమని నాతో ఒక్కసారైనా చెప్పలేదు లిడియా" అన్నాడు.

"అడిగింది అన్నయ్యా. నీ ఎదురుగానే అడిగింది. రాసుకోవడం ఎప్పుడండీ అని."

"సండే ఇచ్చాను కదా."

"ఇచ్చావు. అందులో ఖాళీగా ఉన్న సండే ఒక్కటి చెప్పు, వింటాను."

అప్పటిదాకా కిటికీ దగ్గర నిలబడి ఉన్న షరోన్ ఇటు తిరిగింది. యూనివర్సిటీ చదివే వయసుకు వచ్చింది ఆ పిల్ల. తెలుగు వింటే అర్థమవుతుంది, చదవడం రాదు. "షి కుడ్ హావ్ జస్ట్ టోల్డ్ అస్ టు షట్ అప్, అత్తా" అని, మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చింది.

"ఆ మాట అంటే మీ అమ్మను క్షమించేదానివా?" అన్నాను. కఠినంగానే అన్నాను. "నో. ప్రాబబ్లీ నాట్" అంది. ఆ ఇంట్లో ఆ రోజు నేను విన్న నిజమైన మాట అదొక్కటే. అందుకు ఆ పిల్ల మీద నాకు గౌరవం పెరిగింది. వాళ్ళమ్మ రాసిన ఒక్క వాక్యమైనా ఆ పిల్లలు చదవలేరు. ఎవరి కోసం కలం ఆపిందో వాళ్ళకు ఏం ఆగిపోయిందో కూడా తెలియదు.

నిన్న అన్నయ్య సమాధి రాయి నమూనా చూపించాడు. నల్లరాతి మీద బంగారు రంగు అక్షరాలు. ఆమె పేరు, కింద ప్రియమైన భార్య, ప్రియమైన తల్లి అని ఇంగ్లీషులో. అందంగానే ఉంది. ఇంకొక్క మాట చేర్చమన్నాను. నావలిస్ట్ అని, ఇంగ్లీషులోనే.

అన్నయ్య కాగితం వంక చూసి, "ఇక్కడెవరికి తెలుసు లిడియా? చూసినవాళ్ళు వింతగా అనుకుంటారు. పైగా స్థలం కూడా సరిపోదు" అన్నాడు.

కింద జానెడు చోటు ఉంది. నేను వాదించలేదు. భార్యా తల్లీ అన్నవి రెండూ సత్యమే. ఆ రెంటినీ ఆమె ఎవరికీ లోటు చేయకుండా మోసింది. మూడోది కూడా సత్యమే. రాతి మీద దానికి చోటు లేదన్నారు కనుక, దాన్ని నేను ఇక్కడ అచ్చులో నిలబెడుతున్నాను.

నల్లపాటి సువార్త. నవలా రచయిత్రి.

వదినా, నీకు నా నమస్సులు. నువ్వు రాయవలసిన పుస్తకాలు నీతోనే మట్టిలోకి వెళ్ళాయి. వాటిని ఇంకెవరూ రాయలేరు. రాశామని ఎవరైనా అంటే, పాఠకులారా, నమ్మకండి.